చబ్ చేపయు గాలమువాని సంవత్సరమును

తినుటకు గాని యమ్ముటకు గాని గాక, పట్టి, తూచి, మరల నీటిలో విడిచిపెట్టుటకే చేపలను వేటాడువారు గలరని చెప్పినచో, గోదావరీతీరమున వలవేసి కుటుంబమును పోషించుకొను మన జాలరులు నవ్వుదురు. నవ్వుట న్యాయమే. అయినను ఇంగ్లండు దేశమున నిట్టివారు లక్షలకొలది గలరు. వారిలో కర్మాగారములలో పనిచేయువారును, వైద్యులును, ఉపాధ్యాయులును, బడిపిల్లలును గలరు. వారు కోరి వెదకు చేపలలో చబ్ అను నదీమత్స్య మొకటి. అది రుచిగల చేప కాదు. మాంసము నీరునీరుగా నుండును, ముండ్లు మెండు. అట్టి దానికొఱకు ఒక మనుష్యుడు జూను మాసపు వేకువ మొదలు మార్చి మాసపు చలిగాలివఱకు నేటి గట్లవెంబడి యేల తిరుగును? ఈ ప్రశ్నకు సమాధానము చేపయందుకంటె నదియందే యెక్కువగా నున్నదని నా యభిప్రాయము. దానిని మన విద్యార్థులకు వివరింప బూనితిని.

మొదట చేపను చూతము. చబ్ మన చెఱువులలోని శీలవతికిని బొచ్చెకును దూరపు జ్ఞాతి. శాస్త్రజ్ఞులు దీనికి స్క్వాలియస్ కెఫాలస్ అని పేరిడిరి. ఆ రెండవ పదము గ్రీకుభాషలో తల యను మాటనుండి వచ్చినది. పేరు తగియే యున్నది. ఏలయన తల వెడల్పయినది, నోరు విశాలమైనది, పెదవులు దళసరివి. పొలుసులు పెద్దవి, ఒక్కొక్క పొలుసు అంచున నల్లని గీత యుండుటచేత ఒడలంతయు వల కప్పినట్లు కనబడును. ప్రక్కలు క్రొత్త యిత్తడివలె మెఱయును. ఇదే నదులలో డేస్ అను చిన్న చేప యొకటి గలదు. చిన్న చబ్ చేపను పట్టి గొప్ప డేస్ చేపను పట్టితినని సంతోషించువారు పలువురు. భేదము తెలిసికొను నుపాయము సులభము: పొట్టక్రింద తోకకు దగ్గఱగా నుండు రెక్కను విప్పి చూడవలెను. దాని యంచు వెలుపలికి గుండ్రముగా నున్నచో చబ్. లోపలికి వంగియున్నచో డేస్.

చబ్ దవడలలో పండ్లు లేవు. అంతమాత్రమున దాని నోటిలో వ్రేలు పెట్టరాదు. పండ్లన్నియు గొంతులో నున్నవి. అక్కడ రెండు వరుసలలో నమరిన గట్టి పండ్లతో నది నత్తగుల్లలను, మంచినీటి రొయ్యలను నలిపి పిండిచేయును. అది తినని వస్తువు లేదని చెప్పవచ్చును. పురుగులు, మిడతలు, నత్తలు, చిన్న చేపలు, కప్పలు, నీటిలో రాలిన పండ్లు, మనుష్యులు విసరిన రొట్టెముక్కలు, అన్నియు దానికి సమ్మతమే. ఇంత తిండిపోతును పట్టుట యెంత పని యని మీ రనుకొనవచ్చును. అందే యున్నది చిక్కు. తిండియం దెంత యాశయో, ప్రాణభయ మంతకంటె నెక్కువ. గట్టుపై బరువుగా నడుగు వేసిన చాలును. నీడ నీటిపై బడిన చాలును. పదునైదు చేపలున్న మడుగు క్షణములో శూన్యమగును.

అడుగుల చప్పుడు నీటిలోని చేప కెట్లు తెలియును? చేప ప్రక్కల తలనుండి తోకవఱకు సన్నని గీత యొకటి యుండును. అది నీటి కదలికను పసికట్టు నింద్రియము. ఇది చేపల కన్నిటికిని సామాన్యమే. చబ్ జాతికిని, మన శీలవతి జాతికిని, జెల్లలవంటి మఱికొన్నిటికిని ఇంకొక సౌకర్యము గలదు. వీని కడుపులోని గాలితిత్తినుండి లోచెవివఱకు చిన్న యెముకలు గొలుసువలె నమరియున్నవి. గాలితిత్తి మృదంగపు చర్మమువలె నదరును; ఆ యదరును ఎముకలు చెవికి జేర్చును. జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ హైన్రిక్ వేబర్ 1820లో దీనిని వర్ణించెను గనుక ఆ యెముకలకు వేబర్ ఎముకలని పేరు. కావున చెఱువుగట్టున కూర్చుండి గాలము వేయునప్పుడు మాటలాడవద్దని మన పెద్దలు కోపపడుట యుత్త కోపము గాదు. గట్టును కాలితో తన్నవద్దని చెప్పిన నింకను మేలు.

ఇచ్చట నొక్క విషయము చెప్పక పోజాలను. మన దేశపు చేపలను గూర్చి మొట్టమొదట సమగ్రమైన గ్రంథము వ్రాసినవారిలో ఫ్రాన్సిస్ డే ముఖ్యుడు. ఆయన మద్రాసు సైన్యములో వైద్యుడుగా బనిచేసి, పిమ్మట హిందూదేశపు మత్స్యశాఖకు ప్రధాన పరీక్షకుడయ్యెను. అదే డేగారు స్వదేశమునకు మరలిన పిమ్మట 1880 మొదలుకొని బ్రిటను, ఐర్లండు దేశముల చేపలను గూర్చియు గ్రంథము వెలువరించెను. మన బొచ్చెను వర్ణించిన చేయియే చబ్‌ను వర్ణించినది.

ఇంగ్లండులో చేపలను లెక్కించు విధము విచిత్రముగా నుండును. సామన్, ట్రౌట్ అనునవి గొప్పయింటి చేపలు. వానిని పట్టుట చాలకాలము ధనికుల వినోదము. చబ్, రోచ్, బార్బెల్ మొదలగునవి మోటుచేపలు. ఇవి పట్టణములలోని పనివారి పాలు. ఆవిరియంత్రములును రైలుబండ్లును వచ్చిన పిమ్మట షెఫీల్డు, బర్మింగ్‌హాము, లండను పట్టణములనుండి సెలవు దినములందు పనివారు వేలకొలది నదులకు బోయి గాలములు వేయజొచ్చిరి. సామన్, ట్రౌట్ చేపలకు ముందే చట్టముల రక్షణ యుండెను. మోటుచేపలు గ్రుడ్లు పెట్టు దినములందును పట్టబడుచుండెను. దీనిని మాన్పవలెనని షెఫీల్డు ప్రతినిధియగు ముండెల్లా పార్లమెంటులో బూనుకొనగా 1878లో మంచినీటి చేపల చట్టము పుట్టెను. దానివలన మార్చి 15వ తేది మొదలు జూను 15వ తేది వఱకు మోటుచేపలను పట్టరాదని యేర్పడెను. చెఱువులకు చాలవఱకు 1995లోను, కాలువలకు చాలవఱకు 2000లోను ఈ నిషేధము తొలగింపబడినది గాని నదులకు నేటికిని నిలిచియున్నది. మన తూర్పు సముద్రతీరమున ఏప్రిల్ 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు యంత్రపు పడవలకు వేట నిషేధించుట యెఱిగినవారికి ఇందలి యుద్దేశము వేఱుగా చెప్పనక్కఱలేదు.

అందువలన గాలమువాని సంవత్సరము జనవరిలో గాక జూను 16వ తేదిని ప్రారంభమగును. ముందటి రాత్రియే పోయి నడిరేయి గంటకొఱకు గట్టున కనిపెట్టుకొని యుండువారును గలరు. అయితే చట్టపు తేదియు చేప తేదియు ఎల్లప్పుడు నొకటి గావు. చబ్ గ్రుడ్లు పెట్టుట సామాన్యముగా మే, జూను మాసములలో. నీరు వేడెక్కుట యాలస్యమైనచో జూను మధ్య దాటవచ్చును. గులకరాళ్లపై పలుచగా పాఱు నీటిలో అవి గుంపుగూడి వేలకొలది గ్రుడ్లను విడుచును. గ్రుడ్లు రాళ్లకును నాచుకును అంటుకొని వారము పది దినములలో పొదుగును. అట్టి గుంపు కంటబడినప్పుడు చట్టము సమ్మతించినను మంచి గాలమువాడు గాలమును చుట్టుకొని యింటికి బోవును. తరువాత కొన్ని వారములవఱకు చేపలు చిక్కి, గరుకెక్కిన యొడలితో నుండును. బరువు కోరువా డప్పుడు త్రాసు తీయుటలో నర్థము లేదు.

వేసవి వేట కన్నుల వేట. నీరు తేటగా నుండును. పొడవైన నీటిమొక్కలు పచ్చని జడలవలె ప్రవాహమున నల్లాడుచుండును. వాని నడుమ బంగరు వన్నె యిసుకపై చేపలు నీడలవలె నిలిచియుండును. గాలమువాడు నీటి తళుకును అణచు ప్రత్యేకపు కంటద్దములు ధరించి, మోకాళ్లమీద ప్రాకుచు, పొదలచాటున చూచును. కఱ్ఱ, దారము, గాలము, ఎర. అంతే, బెండు లేదు, గుండు లేదు. గుల్లలేని పెద్దనత్తను గాలమునకు గ్రుచ్చి, చెట్టునుండి జాఱిపడినట్లు చప్పుడుతో నీటిలో వేయును. మెల్లగా వేయుటకంటె ఇట్లు వేయుటయే మంచిదట. ఏలయన చెట్టుక్రింది చబ్ రాలిపడు తిండికి అలవాటుపడినది. చప్పుడు వినగానే తిరిగి వచ్చి, ఆలోచింపక మ్రింగును. అయితే ఒక మడుగున నొక చేపను పట్టినచో తక్కినవి గంటలకొలది బెదరియుండును గనుక ఆ దినమున నాలుగైదు మైళ్లు నడువవలసియుండును.

ఈ విద్య క్రొత్తది గాదు. స్టాఫర్డు పట్టణమున 1593లో జన్మించి లండనులో వర్తకము చేసిన ఐజాక్ వాల్టన్ 1653లో గాలపువేటను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. అది నేటివఱకు మరల మరల ముద్రింపబడుచున్నది. లండనుకు ఉత్తరమున నున్న లీ నదీతీరమున గురువును శిష్యుడును నడచుచు సంభాషించుట దాని పద్ధతి. అందు గురువు చెట్టునీడలో నీటిపైకి తేలియున్న చబ్ గుంపును చూపి, పక్షినీడ కూడ వానిని ముంచివేయునని హెచ్చరించి, వానిలో తోకపై తెల్లని మచ్చ గల పెద్దదానినే పట్టెదనని చెప్పి, మిడతను ఎరగా వేసి దానినే పట్టి చూపును. పిమ్మట దానిని సత్రమునకు పంపి వండించును. వండు విధమును వాల్టన్ శ్రద్ధతో వ్రాసెను. అంత శ్రద్ధ గావలసివచ్చుటయే ఆ చేప రుచిని గూర్చిన సాక్ష్యము. గుంపులో నొక్క చేపను గుఱిపెట్టి, దాని గుఱుతు చెప్పి పట్టుట గమనింపదగినది. నేటి పెద్దచేపల వేటగాండ్ర వంశమునకు ఆ గురువే మూలపురుషుడని చెప్పవచ్చును.

శరత్కాలము త్వరగా గడచును. ఎల్డర్ అను పొదలయొక్క నల్లని పండ్లు నీటిలో రాలుచుండ చేపలు క్రింద కనిపెట్టుకొని యుండును. అప్పుడా పండే యెర. పిమ్మట ఆకులు రాలి నదిపై చాపవలె తేలును, దారమునకు చుట్టుకొనును, వేటగాని నోర్పును పరీక్షించును. మొదటి వరద వచ్చి ఆకులను, వాడిన నాచును కొట్టుకొనిపోవువఱకు వేట మందము.

అసలు వేట శీతకాలమున. మంచు కుఱిసి నీరు 4, 5 సెంటీగ్రేడు డిగ్రీలకు దిగినప్పుడు బార్బెల్ మొదలగు చేపలు దాదాపుగా తిండి మానును. చబ్ మానదు, తక్కువగా తినును గాని తినుట మానదు. కాబట్టియే డిసెంబరు, జనవరి మాసములలో ఇంగ్లండు గాలమువానికి నమ్మదగిన నేస్తము చబ్ ఒక్కటే. అప్పుడు కన్నులతో వెదకుట సాధ్యము గాదు. నీరు మబ్బు రంగుగా నుండును. నదిని చదువవలెను. వంగిన విల్లో చెట్టు కొమ్మలు నీటికి తగులుచోట కొట్టుకొనివచ్చిన చెత్త తెప్పవలె నిలిచి కప్పు వేసినట్లుండును. దానిక్రింద చబ్ దాగును. వేగముగా బాఱు నీరును నెమ్మదిగా బాఱు నీరును కలియు నంచున నీటిమీద నొక గీత కనబడును. ఆ గీత వెంబడి చబ్ నిలుచును. ఏలయన చల్లని నీటిలో చేపకు బలము తక్కువ. ప్రవాహము తెచ్చు తిండి కావలెను గాని ప్రవాహముతో పోరాడుట కూడదు. ఈ రెంటికిని సరిపడు స్థలము నదిలో ఎక్కడనున్నదో తెలిసికొనినవాడు చేపను సగము పట్టినట్లే.

శీతకాలపు ఎర రొట్టె, లేక జున్ను. ఇది మన పాలజున్ను గాదు. ఇంగ్లీషువారు చీజు అనునది. దానిని పిండితో కలిపి ముద్దచేసి గాలమునకు పట్టింతురు. చలినీటిలోను దాని వాసన వ్యాపించును. రొట్టెయైనచో పాచిపోయిన దానిని నానబెట్టి, పిండి, చేతితో మెదిపి, ఆఱేడు చోట్ల గుప్పెడేసి చల్లుదురు. అటుపిమ్మట మొదటి చోటికి వచ్చి రొట్టె మెత్తని భాగమును గాలమునకు అదిమి, రెండు మూడు చిన్న గుండ్ల బరువుతో నేలకు దింపి, ఒకటి రెండు మార్లు వేసి, చేప తగులనిచో రెండవ చోటికి పోవుదురు. ఎక్కువగా చల్లినచో చేప కడుపు నిండి ఎరను చూడదు. ఈ వేట కయ్యు ఖర్చు పాత రొట్టె ఖరీదని చెప్పుకొందురు. వారి కఱ్ఱల వెల మాత్రము చెప్పుకొనరు.

గుండ్లను గూర్చి యొకమాట. పూర్వము ఆ గుండ్లు సీసముతో చేయబడినవి. దారములు తెగి నదిలో బడిన చిన్న గుండ్లను, రాళ్లనుకొని హంసలు మ్రింగుచుండెను. పక్షులు రాళ్లతోనే కడుపులో తిండిని నూరుకొనును గదా. సీసపు విషముచేత థేమ్స్ నదిమీది హంసలు క్షీణించినవి. కావున 1987లో చిన్న సీసపు గుండ్లు నిషేధింపబడినవి. వానికి బదులుగా విషము లేని లోహపు గుండ్లు వచ్చినవి. పిమ్మట హంసలు మరల వృద్ధిపొందినవి. చేపకొఱకు వేసినది పక్షిని చంపెనన్న సంగతి మొదట నెవరికిని తట్టలేదు.

సంధ్యాసమయమున, చీకటి పడిన మొదటి గంటలో చబ్ ధైర్యము హెచ్చును. కఱ్ఱకొన మెల్లగా వణకును, ఆగును, మరల వణకి ఒక్కసారిగా వంగును. గాలము తగిలిన చేప మొదట చేయు పని, తన చెట్టువేళ్లలోనికి దూఱుట. ఆ రెండు మూడు గజములలో దానిని ఆపగలిగినచో ఆపగలిగినట్లే, లేనిచో దారము తెగును. గట్టుకు వచ్చిన పిమ్మట చేతివలతో నెత్తి, తడిపిన మెత్తని పఱుపుపై బరుండబెట్టి, తడిచేతులతో గాలమును తీయుదురు. చేప యొడలిపైనున్న జిగురే దానికి కవచము. పొడిచేయి ఆ జిగురును చెఱచి రోగమునకు దారి యిచ్చును. తూచిన పిమ్మట వెంటనే జాఱవిడువరు. ప్రవాహమున కెదురుగా తల యుంచి, మొప్పలలోనికి నీరు చక్కగా ప్రవహించి బలము వచ్చి తానై చేతినుండి తప్పించుకొను వఱకు పట్టుకొని యుందురు. ఇంగ్లండు నదులలో 20 సెంటీమీటర్లు దాటిన చబ్‌ను తీసికొనిపోవుట నిప్పుడు నియమవిరుద్ధము కూడ.

పెద్దది యనగా నెంత? 3 పౌండ్ల చబ్ మంచి చేప. 5 పౌండ్లది, అనగా సుమారు 2 కిలోల 270 గ్రాములది, పలువురకు జీవితాశయము. 6 పౌండ్లది పేరు దెచ్చును, 7 అరుదు, ఆ దేశపు రికార్డు 9 పౌండ్లు దాటియున్నది. ఒకే చేప జూలైలో తూగినదానికంటె ఫిబ్రవరిలో కొంత హెచ్చుగా తూగును; ఏలయన గ్రుడ్లు పెరుగుచుండును. అందువలన ఋతువు కడపటి మూడు వారములందు, అనగా మార్చి 14వ తేది సమీపించుకొలది, వేటగాండ్రకు నిద్రపట్టదు.

పూర్వము పెద్దచేపను పట్టినవారు దానిని చంపి, చర్మమును నింపి, అద్దాలపెట్టెలో గోడకు తగిలించెడివారు. ఈ యాచారము మారుటకు తోడ్పడినవారిలో రిచర్డ్ వాకర్ అను ఇంజనీరు ఒకడు. ఆయన 1952 సెప్టెంబరు మాసమున రెడ్‌మైర్ అను చిన్న చెఱువులో 44 పౌండ్ల కార్ప్ చేపను పట్టెను. దానిని చంపక లండను జంతుప్రదర్శనశాలకు పంపగా అది యక్కడి జలశాలలో చాలయేండ్లు జీవించెను. గ్రేట్ ఊజ్ నదిలో చబ్‌లను గూడ ఆయన చాలకాలము వేటాడెను. పెద్దచేప అదృష్టమువలన గాక, దాని యలవాట్లు, నీటి వేడిమి, కాలము మొదలగు వానిని పరిశీలించి లెక్కవేయుటవలన దొరకునని ఆయన బోధించెను. అప్పటినుండి పెద్దచేపల వేట యొక విధమగు శాస్త్రాభ్యాసముగా మాఱినది. ఏ తేదిని, ఏ చోటను, నీరెంత వేడిమితో నున్నప్పుడు, ఏ యెరకు, ఎంత బరువుగల చేప దొరికెనో వీరు పుస్తకములలో వ్రాసికొందురు. ఊడిన పొలుసునుబట్టియు చిరిగిన రెక్కనుబట్టియు పాతచేపను గుర్తించి, రెండేండ్లలో నెంత పెరిగెనో లెక్కింతురు.

ఈ పుస్తకములవలననే యొక కలతపెట్టు సంగతి బయటపడుచున్నది. ముప్పది నలువది యేండ్లకు ముందు 5 పౌండ్ల చబ్ గొప్ప వార్త. నే డనేక నదులలో నట్టివి తఱచుగా దొరకుచున్నవి. దీనిని విని నదులు బాగుపడినవని సంతోషింపవచ్చునా? కొన్ని చోట్ల సంతోషింపవచ్చును. మఱికొన్ని చోట్ల పెద్దవి దొరకుచున్నవి గాని చిన్నవి కనబడుటలేదు. పూర్వము పూటకు ఇరువది ముప్పది చిన్న చబ్‌లు దొరకు మడుగులలో ఇప్పుడు ఒకటి రెండు ముసలి చేపలే తిరుగుచున్నవి. పోటీ లేనందున ఉన్న కొద్దింటికి తిండి సమృద్ధిగా దొరకి బలియుచున్నవి. 1970 ప్రాంతములనుండి అమెరికానుండి తెచ్చి పెంపగా తప్పించుకొని నదులలో వ్యాపించిన సిగ్నల్ క్రేఫిష్ అను రొయ్యలను తిని బలియుచున్నవని వేటగాండ్రందురు. గంపలో పండ్లు తగ్గినకొలది మిగిలినవాని వెల హెచ్చినట్లు, చేపలు తగ్గినకొలది మిగిలినవాని బరువు హెచ్చును. పాఠశాలలో పిల్లలు లేక పెద్దలే యున్న యూరిని తలచుకొనుడు.

చబ్ వయస్సు దాని పొలుసుపై వ్రాయబడియున్నది. చెట్టుకాండములోని వలయములవలె పొలుసుపై గీతలుండును; వేసవిలో పెరుగునప్పుడు దూరదూరముగాను, శీతకాలమున పెరుగుట యాగినప్పుడు దగ్గఱ దగ్గఱగాను ఏర్పడును. వానిని సూక్ష్మదర్శినితో లెక్కించినచో చాల నదులలో 5 పౌండ్ల చేప పదియేండ్లు దాటినదిగా కనబడును. ఇరువదియేండ్లు జీవించినవియు గలవు. అనగా నేడు గట్టున తూగుచున్న చేప, నది పదిపండ్రెండేండ్ల క్రింద నెట్లుండెనో చెప్పు సాక్షి. నేడెట్లున్నదో చెప్పవలసినది వ్రేలెడు పిల్లలు.

పిల్లలు బ్రతుకుటకు మూడు కావలెను. గ్రుడ్లంటుకొనుటకు శుభ్రమైన గులకరాళ్లు కావలెను. దున్నిన పొలములనుండి కొట్టుకొనివచ్చు మన్ను వానిపై పేరుకొన్నచో గ్రుడ్లకు ప్రాణవాయువు చాలదు. తరువాత నిలువ నీడ కావలెను. వరదలవేగము తగ్గవలెనని నదులను తిన్నగా త్రవ్వి, గట్లుకట్టి, పడవలకై ఆనకట్టలు వేసినచోట చిన్నచేపలు తలదాచుకొను ప్రక్కమడుగులు పోయినవి. ఒక్క వేసవి వరదకే యవి కొట్టుకొనిపోవును. మూడవది వేడిమి. పొదిగిన పిల్ల శీతకాలమునకు ముందు తగినంత పెరగనిచో చలిని దాటలేదు. కావుననే 1976లోవలె వేసవి మిక్కిలి వేడిగా నున్న యేట పుట్టిన నదిచేపలు చాల బ్రతికి, తరువాతి యేండ్లలో గుంపులు గుంపులుగా కనబడినవి. చల్లని, వరదలు గల వేసవిలో పుట్టినవి దాదాపుగా లేకయే పోయినవి. దీనికి తోడు పట్టణముల మురుగు. పాత పట్టణములలో వాననీరును మురుగునీరును ఒకే గొట్టములో పోవును. పెద్దవాన కురిసి గొట్టము నిండినచో శుద్ధిచేయని నీరు నదిలోనికి పొర్లుటకు దారి విడువబడియున్నది. ఎన్నడో యొకసారి జరుగవలసినది తఱచుగా జరుగుచున్నదని ఆ దేశమున నిప్పుడు గొప్ప యలజడి పుట్టినది. మొదట గొంతెత్తినవారిలో గాలమువారు గలరు. ఏలయన శీతకాలపు వానలో నేటిగట్టున కూర్చుండువారు వారే గదా.

నీటికుక్కలను గూర్చి మాత్రము వారి మాటను నేను పూర్తిగా నంగీకరింపను. పురుగుమందుల విషముచేత 1950, 1960 ప్రాంతములలో ఇంగ్లండున దాదాపు నశించిన ఆ జంతువులు, ఆ మందులు మానిన పిమ్మట మరల నదులకు వచ్చినవి. అవి పెద్దచేపలను తినుచున్నవని వేటగాండ్రు మొఱపెట్టుకొందురు. తినుచున్నమాట నిజమే. కాని గుంపుగా చేపలున్న నదిలో నొక పెద్దచేప పోయినచో దాని స్థానమునకు నాలుగు సిద్ధముగా నుండును. పిల్లలు లేని నదిలో ఒక్కటి పోయినచో ఆ చోటు శూన్యము. కొఱత నీటికుక్క నోటిలో నున్నదా, గులకరాళ్లపై పేరిన మంటిలో నున్నదా?

నాటింగ్‌హాము మండలమున కాల్వర్టన్ అను గ్రామములో ప్రభుత్వపు చేపలపెంపకశాల యొకటి గలదు. గాలమువారు కొను అనుమతిపత్రముల సొమ్ముతో నది నడచుచున్నది. అక్కడ చబ్, బార్బెల్, డేస్, రోచ్ మొదలగు నదిచేపల గ్రుడ్లను పొదిగించి, పిల్లలను చెఱువులలో పెంచి, విషము కలిసియో మఱొక హేతువుచేతనో చేపలు నశించిన నదులలో శీతకాలమున విడుతురు. అట్లు విడిచిన చబ్ జేనెడు పొడవైనను ఉండదు. దానిని విడిచినవాడు మరల త్రాసుపై 5 పౌండ్లుగా చూడవలెనన్నచో, ఆ నది పదియేండ్లపాటు చెడిపోకుండవలెను.